నాలుగు వందల పన్నెండు చేతులు

ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పనే ఆర్డిస్ హాగ్‌లండ్ ఈ ఏడూ చేసింది. తేడా అల్లా ఒక్కటే, అన్నేళ్ళూ ఆ పని వెండెల్ స్ట్రాండ్ కోసం చేసింది, ఈసారి వెండెల్‌కి ఎదురు నిలబడి చేసింది. ఆమె చేసిన నేరం అదొక్కటే.

లిండెన్ ఫోర్క్ వడగళ్ళ బీమా కంపెనీ అయోవాలో మూడు కౌంటీల రైతులది. తాతలనాడు ఒక ఏడు పంటంతా వడగళ్ళ పాలైతే, ఆ కడుపుమంటతో తలా కాస్త డబ్బు వేసి పెట్టుకున్నారు. ఆ షేర్లు ఇప్పుడు మనవల చేతుల్లో ఉన్నాయి. ఏటా మే నెల మొదటి మంగళవారం సభ. ఆ తేదీ పెట్టిన మహానుభావుడెవరో గానీ, సరిగ్గా విత్తనాలు వేసే వారం. ఆ వారంలో మామగారు పోయినా ట్రాక్టర్ దిగడానికి వెనకా ముందూ చూసే జనం. అందుకని "నా బదులు ఫలానావారు చెయ్యెత్తుతారు" అని కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేయడం అలవాటైంది. కంపెనీ తరఫున పంట నష్టం చూసి లెక్కకట్టే ఆర్డిస్‌కు తెలియని పొలం లేదు, ఆమె మోకాళ్ళకు అంటని మట్టి లేదు. ఏప్రిల్ వచ్చిందంటే ప్రెసిడెంట్ వెండెల్ ఆమె చేతిలో కాగితాల కట్ట పెట్టేవాడు. ఆమె ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తెచ్చేది. వెండెల్ తనకు తోచినట్టు చెయ్యెత్తేవాడు.

ఈ ఏడు వెండెల్ కంపెనీని అమ్మడానికి సిద్ధపడ్డాడు. కొనేవాళ్ళు తూర్పు తీరం వాళ్ళు. ఊళ్ళో ఆఫీసు మూసేస్తారట, పొలానికి మనిషిని పంపరట, రైతే ఫోనుతో నాలుగు ఫోటోలు తీసి పంపితే ఎంతివ్వాలో మిషను చెబుతుందట. ఆ మాట విన్న రోజు ఆర్డిస్‌కు అన్నం సహించలేదు. వడగళ్ళ దెబ్బ తిన్న చేను బయటికి పచ్చగానే కనబడుతుంది. వంగి కాండం గోకి చూస్తే గానీ లోపలి గాయం తెలియదు. ముప్పై ఏళ్ళు వంగి చూసిన మనిషి ఆమె. రిటైరై రెండేళ్ళయినా కారెక్కి మళ్ళీ ఇల్లిల్లూ తిరిగింది. నాలుగు వందల పన్నెండు కాగితాలు, అన్నీ తన పేరు మీదే. నూటికి నలభై ఎనిమిది ఓట్లు. వెండెల్‌వీ, కొనేవాళ్ళవీ కలిపినా నలభై రెండు దాటవు.

ఏప్రిల్ చివర్లో డెల్ క్రోగ్‌స్టాడ్ ఆమె వంటింటికి వచ్చాడు. చిన్నప్పుడు చర్చి ఆదివారం బడిలో ఆమె దగ్గర చదువుకున్నవాడు, ఇప్పుడు యాభై దాటిన రైతు.

"ఆర్డిస్, ఆ కాగితాలు మా ఆరుగురి పేర్ల మీద పంచెయ్. నూటికి పది ఓట్లు ఒక్కరి చేతిలో ఉంటే ముందు రాష్ట్ర బీమా కమిషనర్ అనుమతి కావాలట. ఎవరో లాయరు చెప్పాడు."

"బీమా కంపెనీని బయటోడెవడో మింగెయ్యకుండా పెట్టిన రూలురా అది. నేను బయటిదాన్నా?"

"కాదనుకో. అయినా..."

"పంచుకోడానికి దొంగ సొమ్మా ఇది? నన్ను నమ్మి నా పేరు రాశారు. దాస్తే నేనేదో తప్పు చేసినట్టు." కేకు పళ్ళెం బోర్లించి అడుగున అంటించిన టేపు చూపించింది. అక్కడ చర్చి విందుకు వెళ్ళే ప్రతి పళ్ళెం అడుగునా ఇంటావిడ పేరు ఉంటుంది. "పళ్ళేనికే పేరు రాసుకునేవాళ్ళం, మాటకు రాసుకోమా?"

"నీతో వాదించి గెలిచినవాడు మీ ఆయనొక్కడే, ఆయనా పోయాడు" అని డెల్ కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

తూర్పు తీరం వాళ్ళకు అలాంటి పట్టింపులేవీ లేవు. నాలుగు కంపెనీల పేర్లు పెట్టుకుని తలా నూటికి తొమ్మిది షేర్ల చొప్పున ముందే కొనిపెట్టుకున్నారు. ఎవరికీ పది లేవు కాబట్టి ఎవరికీ అనుమతి అక్కర్లేదు. ఆర్డిస్ దాని గురించి కమిషనర్ ఆఫీసుకు రెండు ఉత్తరాలు రాసింది. రెండింటికీ "అందింది" అని ఒకే జవాబు వచ్చింది.

సభకు వారం ఉందనగా కంపెనీయే ఆర్డిస్ మీద కోర్టుకెక్కింది.

జడ్జి లోవెల్ బ్రాక్ ఆ కౌంటీవాడే. ఆర్డిస్ లాయర్ని పెట్టుకోలేదు. నిజం చెప్పడానికి ఇంకొకడి నోరెందుకన్నది ఆమె వాదన.

"ఎన్ని కాగితాలు ఉన్నాయండీ మీ దగ్గర?" కంపెనీ లాయరు అడిగాడు.

"నాలుగు వందల పన్నెండు."

"అన్నీ మీ పేరు మీదేనా?"

"ఇంకెవరి పేరు మీద ఉంటాయి బాబూ?"

"కమిషనర్ అనుమతి తీసుకున్నారా?"

"పక్కింటివాడి బదులు చెయ్యెత్తడానికి ఇరవై ఆరేళ్ళుగా ఎవరి అనుమతీ అడగలేదు. అప్పుడు ఈ వెండెల్‌కే తెచ్చిచ్చాను. నోరు మెదిపాడేమో అడగండి."

వెండెల్ బూట్లకేసి చూసుకున్నాడు. లాయరు మాత్రం తడుముకోలేదు. యాజమాన్యం తన సభ కోసం తాను తెప్పించుకునే కాగితాలకు చట్టంలో మినహాయింపు ఉందన్నాడు. ఉంది కూడా. కంచే చేను మేస్తుంటే, కంచెకు మినహాయింపు.

జడ్జి కాగితాలు పక్కన పెట్టాడు. "మా నాన్న చేను వడగళ్ళకు పోయినప్పుడు మీరు బురదలో మోకాళ్ళ మీద కూర్చుని మొక్కలు లెక్కపెట్టడం నేను చూశానమ్మా. మర్చిపోలేదు. కానీ చట్టం 'ఏ వ్యక్తి అయినా' అంది. మంచి వ్యక్తా చెడ్డ వ్యక్తా అని చూడమనలేదు. ఈ కాగితాల మీద సభలో ఓటు వెయ్యడానికి వీల్లేదు. రైతులు స్వయంగా వచ్చి వేసుకోవచ్చు."

"మరి ఆ నాలుగు తొమ్మిదుల సంగతేంటండీ? నాలుగు జేబులూ ఒకే చొక్కావి."

"ఆ కేసు నా ముందు లేదు. తేవాలంటే కమిషనర్ తేవాలి, లేదా కంపెనీ తేవాలి."

"కంపెనీ ఎందుకు తెస్తుందండీ? అమ్ముకుంటున్నదే అది!"

జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకుని, తర్వాతి కేసు పిలవమన్నాడు.

ఆర్డిస్ ఇంటికొచ్చి ఫోను పట్టుకుంది. నాలుగు రోజులు ఒక్కొక్కరికీ చేసింది. అందరూ మంచి మాటే చెప్పారు. "రాకపోతే ఎలా!" అన్నారు. రెండు వారాలుగా ముసురు పట్టి, చేలల్లో నీళ్ళు నిలిచి, విత్తనాలు షెడ్లలోనే ఉన్నాయి. వానుంటే పని లేదు, పని లేకపోతే వస్తారు. దేవుడు తనవైపే ఉన్నాడనుకుంది వెర్రితల్లి.

"నేను తప్పకుండా వస్తా. నలుగురిని వెంటేసుకొస్తా" అన్నాడు డెల్.

"ఒట్టు?"

"ఒట్టు."

ఆదివారం మధ్యాహ్నం వాన ఆగింది. సోమవారం ఎండ కాసి గాలి తోలింది. మంగళవారం తెల్లారేసరికి నేల సరిగ్గా పదునుకొచ్చింది.

సభ చర్చి నేలమాళిగలో. ఆర్డిస్ ఎప్పటిలాగే పళ్ళెం నిండా పుల్లటి రూబార్బ్ కాడలు వేసిన కేకు తెచ్చింది. ఎవరేం తేవాలో రాసే వంతుల కాగితంలో ఆమె పేరుంది, ఉన్నాక తేక తప్పదు. పది గంటలకు ఒక వ్యాన్ ఆగి నలుగురు దిగారు. నాలుగు కంపెనీలు, నాలుగు పేరు బిళ్ళలు, ఒకటే వ్యాన్. ఆమె కేకు తిని, చాలా బాగుందన్నారు. ఎవరు చేశారని కూడా అడిగారు.

రైతులు పందొమ్మిది మంది వచ్చారు. అందరూ ముసలివాళ్ళే, పొలాలు కొడుకులకు అప్పగించినవాళ్ళు. ఆర్డిస్ తలుపు దగ్గరే నిలబడింది. పైన చిన్న కిటికీ తెరిచి ఉంది. అందులోంచి విత్తనాలు వేస్తున్న ట్రాక్టర్ల చప్పుడు అన్ని దిక్కుల నుంచీ వస్తోంది. చర్చి వెనక చేను డెల్‌ది. ఆ ఇంజను రొద ఆమెకు తెలుసు. చేను చివరిదాకా పోయి, తిరిగి, మళ్ళీ వచ్చింది.

మిగతావాళ్ళు వెళ్ళుంటారులే, నేనొక్కణ్ణి తగ్గితే ఏమౌతుందిలే అని ప్రతివాడూ అనుకుని ఉంటాడు. చెడ్డవాళ్ళేం కాదు. అదే ఆమెకు ఎక్కువ మండింది. చెడ్డవాళ్ళైతే తిట్టుకోవచ్చు.

"ఇక మొదలెడదామా ఆర్డిస్?" వెండెల్ మెత్తగా అడిగాడు.

"నీ ఇష్టం వెండెల్. కంపెనీ నీదేగా ఇప్పుడు."

అమ్మకానికి అనుకూలమైనవారు అనగానే ఆ నలుగురూ కిటికీ పక్క కూర్చున్న కంపెనీ లాయరు వైపు ఒకసారి చూసి చేతులెత్తారు. వ్యతిరేకులు అన్నప్పుడు ఆర్డిస్, ఆ పందొమ్మిది మందీ ఎత్తారు. ఆమె చెయ్యి అందరికంటే ఎత్తుగా లేచింది, అందరికంటే ఆఖరున దిగింది. లెక్క చేతులది కాదు, షేర్లది; అయిదు నిమిషాల్లో అమ్మకం ఖాయమైంది. ఇంటికెళ్ళేటప్పుడు ఎవరో ఖాళీ పళ్ళెం కడిగి, అడుగున పేరు చూసి తెచ్చి ఇచ్చారు.

జూలైలో వడగళ్ళు పడ్డాయి. పావుగంట వాన, నిమ్మకాయలంత గడ్డలు. వారం తర్వాత డెల్ ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. మే నెల తర్వాత రావడం అదే మొదలు. టోపీ చేతిలో నలుపుతున్నాడు.

"ఫోటోలు పంపాను. నూటికి పన్నెండే పోయిందని జవాబొచ్చింది. మనిషిని పంపమంటే మనుషులు లేరంటున్నారు. నువ్వొకసారి చూడవూ?"

వెళ్ళకూడదనుకుంది. పాత కొలకర్ర తీసుకుని వెళ్ళింది. చర్చి వెనక సోయా చేలో, డెబ్భై మూడేళ్ళ మోకాళ్ళ మీద కూర్చుని, కర్ర పరిచి మొక్కలు లెక్కపెట్టింది. కాండాలు గోకి చూసింది. పక్క సాలుకు జరిగింది, మళ్ళీ లెక్కపెట్టింది. డెల్ వెనకాలే నడిచాడు.

"నూటికి యాభై ఎనిమిది పోయిందిరా. ఈ నిలబడ్డవాటిలో సగం కోతదాకా ఆగవు."

"ఆ మాట రాసి సంతకం పెట్టి ఇస్తావా?"

"పెడతాను. నా సంతకం చెల్లని రోజులొచ్చాయని తెలిసి అడుగుతున్నావుగా."

"ఆర్డిస్, ఆ రోజు నేను..."

ఆమె అతని చెయ్యి పట్టుకోకుండానే, కర్ర ఊతంగా లేచి నిలబడింది. విరిగిన సాళ్ళ పొడుగునా చేను చివరిదాకా చూసింది. ఒక్క సాలు కూడా వంకర లేదు.

"విత్తనం మాత్రం మంచి రోజు చూసి వేశావురా డెల్" అంది.