కేబుల్ ఊడదీసిన ఆదివారం

పైపు కట్టుకుంటే సరిపోతుందని పేతురు, సరిపోదని గ్రేసమ్మ. చర్చి నుంచి ఇంటికి వచ్చే దారంతా ఇదే మాట. చెప్పులు విడిచి లోపలికి వచ్చాక కూడా అది తెగలేదు. ఆమె ఎసట్లో బియ్యం పోస్తూ ఒకటంటే, అతను ఎడమచేత్తో చొక్కా విప్పుకుంటూ ఇంకొకటన్నాడు. వసారాలో మంచం మీద కూర్చున్న ముసలాయన దానయ్య, పేతురు తండ్రి, ఎవరి మాటా పూర్తిగా వినపడక మధ్యమధ్యలో ఏందంట, ఏందంట అని అడుగుతున్నాడు. నరసరావుపేటలో మందుల షాపులో పనిచేస్తూ ఆదివారానికి ఇంటికి వచ్చిన కూతురు వందన మాత్రం ఎటువైపూ మాట్లాడకుండా ఉల్లిపాయలు తరుగుతోంది.

గొడవంతా పడవ గురించి. అచ్చంపేట దాటి వెళితే కృష్ణ ఒడ్డున ఉంటుంది వాళ్ళ ఊరు. కూలీలను అవతలి ఒడ్డు మిరపచేలకు దాటించి, సాయంత్రం మళ్ళీ తీసుకురావడమే పేతురు బతుకుతెరువు. రేవులో మిగతా వాళ్ళంతా పడవ వెనకాల కూర్చుని ఇంజను పిడి పట్టుకుని తిప్పుకుంటారు. పేతురుది మాత్రం ఎవరో షికారుకు వాడుకుని అమ్మేసిన ఫైబర్ పడవ. దానికి కారుకున్నట్టు స్టీరింగు ఉంది. చక్రం తిప్పితే, పడవ పక్క వెంబడి పోయే కేబుల్ వెనకాల ఉన్న ఇంజన్ని తిప్పుతుంది. ఆ చక్రం ముందు కూర్చోవడమంటే పేతురుకు కొంచెం గొప్ప. కారు ఎక్కడ ఆపావు డ్రైవరు గారూ అని రేవులో వాళ్ళు ఎకసెక్కాలాడినా అతనికి కోపం రాదు.

నిన్న సాయంత్రం ఆ చక్రం పట్టేసింది. కోత నుంచి వచ్చే ఆడవాళ్ళతో పడవ నిండుగా ఉంది. నడిమి బండల దగ్గర కుడికి తిప్పాల్సిన చోట చక్రం కదల్లేదు. ముందు కూర్చున్న గ్రేసమ్మ గెడ తీసి బండకు ఆనించి తోసింది కాబట్టి పడవ పక్క మాత్రమే రాసుకుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదుగా అని పేతురు నిన్నటి నుంచి అంటూనే ఉన్నాడు. కాని ఒడ్డున దిగాక, ముఠా మేస్త్రి నాగవేణి అతనితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. గ్రేసమ్మను పక్కకు పిలిచింది.

"సోమవారం ఎక్కమని నువ్వు చెప్తేనే ఎక్కుతాం వదినా. అన్న చెప్తే ఎక్కం. ఆయన ఎప్పుడూ బాగానే ఉందంటాడు."

ఆ మాట గ్రేసమ్మ గుండెల్లో రాయిలా ఉండిపోయింది. ఆమె కూడా ఆ ముఠాలోనే కోతకు పోతుంది. పొద్దున వంట, మామ పని, పడవలో గెడ, పగలంతా చేలో వంగి కాయలు కోయడం, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ గెడ. దీనికి తోడు ఇప్పుడు అంతమంది ప్రాణాలకు పూచీ కూడా ఆమె మీదే పడింది. ఎక్కమని చెబితే ఏమవుతుందో అని భయం. ఎక్కొద్దని చెబితే ముఠా ఇంకో పడవకు పోతుంది, ఈ కోతల కాలానికి మళ్ళీ రాదు. అప్పుడు ఇల్లు గడిచే దారేదో ఆమెకు కనపడలేదు.

ఇంజనుకు ఇనప పైపు కట్టి వెనకాల నుంచి చేత్తో తిప్పుకుంటానని పేతురు ఉపాయం. వెనక కూర్చుంటే ముందున్న జనం అడ్డమై బండలు కనపడవని ఆమె పట్టు.

"నీళ్ళు నాకు తెలియవంటావా? కళ్ళు మూసుకుని దాటిస్తా" అన్నాడు పేతురు.

"నిన్న కళ్ళు తెరుచుకునే ఉన్నావుగా" అంది గ్రేసమ్మ.

వందన తల ఎత్తకుండా నవ్వు ఆపుకుంది. చివరికి ఏడుకొండలుకు ఫోన్ చేసింది కూడా ఆ పిల్లే. ఏడుకొండలు మాచర్ల వైపు లాంచీల దగ్గర పనిచేసే మెకానిక్. ఈ పడవ కొన్నప్పుడు ఇంజను చూసిపెట్టింది అతనే. తాను ఈ వారమంతా రాలేనని, కాని అదేమంత పెద్ద పని కాదని, తాను చెప్పినట్టు చేసుకుపొమ్మని అన్నాడు. ముందు కేబుల్ని ఇంజను నుంచి విడదీసి, ఇంజను చేత్తో తిరుగుతుందో లేదో చూసుకోమన్నాడు. అది తిరిగితే జబ్బు ఇంజనులో లేనట్టే.

అన్నాలు తిని, ఎండ కొంచెం వాలాక ముగ్గురూ రేవుకు వెళ్ళారు. దానయ్య కూడా కర్ర పట్టుకుని వెనకాలే వచ్చి గట్టు మీద రాయి చూసుకుని కూర్చున్నాడు. ఆదివారం పూట పని పెట్టుకున్నారని సణిగాడు గాని, ఇంటికి మాత్రం పోలేదు.

పడవను సగం ఒడ్డు మీదికి లాగారు. పేతురు స్పానరు తీసుకుని కాసేపు పెనుగులాడి, బోల్టు ఇరుగ్గా ఉంది, నీ చెయ్యి సన్నం అంటూ గ్రేసమ్మకు ఇచ్చాడు. ఆమె నీళ్ళలో మోకాలి లోతున నిలబడి బోల్టు విప్పింది. కేబుల్ విడిపోయాక ఇంజన్ని చేత్తో తోస్తే, ఊయల తోసినంత తేలిగ్గా అటూ ఇటూ ఊగింది. అంటే పట్టేసింది దాని ముందున్న ఇనప గొట్టంలోనే. కేబుల్ చివరి కడ్డీ ఆ గొట్టంలో నుంచి పోతుంది. అది లోపలికీ బయటికీ జరిగితేనే ఇంజను తిరుగుతుంది.

గొట్టం చివర ఉన్న పెద్ద నట్టు విప్పి, లోపలికి కిరసనాయిలు పోసి, నానేదాకా కూర్చున్నారు. గ్రేసమ్మకు ఆ కూర్చున్న కాసేపట్లోనే కునుకు పట్టింది. కోతలు మొదలైన దగ్గర్నుంచి ఆమె పగలు ఊరికే కూర్చున్నది అప్పుడే.

తర్వాత కడ్డీ మొన మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో కొట్టింది. గట్టిగా కొడితే మొన చదునై ఇంక ఎప్పటికీ రాదని ఏడుకొండలు మరీమరీ చెప్పాడు. అందుకని పచ్చడి బండతో మెంతులు నలిపినంత నెమ్మదిగా కొడుతూ పోయింది. చాలాసేపు అది ఎక్కడిదక్కడే ఉంది. వందన ఒకసారి, పేతురు ఎడమచేత్తో ఒకసారి కొట్టారు. చివరికి గోరంత జరిగింది. ఆ జరగడం చూశాక ఇంక ఆగలేదు. కడ్డీ కొంచెం కొంచెంగా, నల్లటి జిగురు పూసుకుని బయటికి వచ్చింది.

గ్రేసమ్మ ఆ జిగురును వేలితో తీసి చూసింది. గ్రీజు కాదు. తారులాగా గట్టిపడి ఉంది, మధ్యలో ఇసక తగులుతోంది. ముక్కు దగ్గర పెట్టుకునేసరికి ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆముదం, కాల్చిన గడ్డి మసి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఎద్దుల బండి ఇరుసుకు రాసే కందెన వాసన అది.

పేతురుకు కూడా అర్థమైంది. ఇద్దరూ ఒకేసారి గట్టు వైపు చూశారు.

దానయ్య వయసులో ఉన్నంతకాలం బండి మీద నాపరాళ్ళు తోలిన మనిషి. చూపు తగ్గాక ఇంట్లో ఏ పనీ చెప్పేవాళ్ళు లేక, సాయంత్రాలు పడవ దగ్గరికి వచ్చి దాన్ని తుడిచి, తాడు సరిచూసుకుని పోయేవాడు. ఇనుముకు కందెన నేను చూసుకుంటాలేరా అని ఆయన అన్నప్పుడు పేతురు సరే అన్నాడు. ఏడుకొండలు ఇచ్చిన గ్రీజు డబ్బా మూత కూడా తియ్యకుండా ఇంట్లో మంచం కింద ఉండిపోయింది. ఇక ఆముదం సీసా అడిగినప్పుడల్లా మోకాళ్ళకు రాసుకుంటాడనుకుని ఇచ్చింది గ్రేసమ్మే.

"ఏంది నాన్నా ఇది" అన్నాడు పేతురు, గొంతు పెంచి. "పడవంటే బండి అనుకున్నావా?"

ముసలాయనకు ఈసారి బాగానే వినపడింది. కర్ర అటు నుంచి ఇటు మార్చుకున్నాడు.

"ఇరుసుకి ఏసినట్టే ఏశా. బిగుసుకుంటందన్నావని ఇంకాస్త ఏశా. అన్నేళ్ళు బండి తోలా, ఒక్కనాడు నా ఇరుసు కూతెయ్యలా."

బిగుసుకుంటుంటే మరింత, మరింత బిగుసుకుంటే ఇంకా మరింత. పేతురు మళ్ళీ నోరు తెరవబోయాడు. గ్రేసమ్మ మొగుడి చేతికి గుడ్డపేలిక ఇచ్చి, కడ్డీ తుడవమంది. ఆ ముసలాయన్ని ఇప్పుడు కసిరి, పొద్దుగూకేసరికి మళ్ళీ బతిమాలి అన్నం తినిపించేది తానే గదా. ఆమెకు ఆ ఓపిక లేదు.

కందిపుల్లకు గుడ్డ చుట్టి గొట్టంలోకి పెట్టి తీశారు. నల్లటి మసి వచ్చింది, మళ్ళీ పెట్టారు. తెల్లగుడ్డ తెల్లగా వచ్చేదాకా అదే పని. ఉప్పు కాగితంతో కడ్డీని నున్నగా రుద్దింది వందన. పేతురు చక్రం తిప్పి చూస్తే కడ్డీ హాయిగా జరిగింది. కేబుల్ లోపల దెబ్బతినలేదన్నమాట. వందన ఇంటికి పోయి తెచ్చిన గ్రీజు పట్టించి, గొట్టంలోకి తోసి, నట్టు బిగించి, ఇంజనుకు తగిలించేసరికి ఎండ ఎర్రబడింది. గ్రేసమ్మ చక్రం మీద ఒక్క వేలు పెట్టి తిప్పింది. వెనకాల ఇంజను చెప్పిన మాట విన్నట్టు తిరిగింది. ఆమెకు నిన్నటి నుంచీ ఛాతీ మీద ఉన్న బరువు దిగినట్టయింది. నాగవేణికి ఏం చెప్పాలో కూడా మనసులో అనుకుంది.

ఒకసారి నీళ్ళలో చూద్దామని ఆమే అంది. వందన తాతను తీసుకుని ఇంటికి పోయింది. పేతురు, గ్రేసమ్మ ఇద్దరే పడవ ఎక్కారు. ఆమె ఎప్పటిలాగే ముందుకు పోబోయి, ఎందుకో అతని పక్కనే నిలబడింది.

ఎడమకు బాగానే తిప్పాడు. పడవ గుండ్రంగా తిరిగింది. నడిమి బండల దగ్గరికి వచ్చి కుడికి తిప్పాల్సి వచ్చినప్పుడు, అతని కుడిచెయ్యి చక్రం మీద సగం దాకా లేచి, అక్కడ ఆగి, పక్కకు జారిపోయింది. ఎడమచెయ్యి అడ్డంగా తెచ్చి తిప్పుకున్నాడు. పడవ తిరిగింది గాని, ఆలస్యంగా తిరిగింది. బండ వాళ్ళ పక్క నుంచి గెడ అందేంత దగ్గరగా పోయింది.

"గ్రీజు ఇంకా సర్దుకోలా" అన్నాడు పేతురు.

గ్రేసమ్మ చక్రం మీద వేలు ఆనించింది. అది అడ్డు లేకుండా తిరిగింది. ఆమె అతని ముఖంలోకి చూడలేదు, భుజం వంక చూసింది. స్టీరింగు తిప్పీ తిప్పీ భుజం నొప్పి అని అతను చెబితే ఆమె నమ్మి, ఇన్నాళ్ళూ కాపడం పెట్టింది. దండెం మీద చొక్కా వెయ్యలేకపోవడం, అన్నం తినేటప్పుడు ఒళ్ళోకి వంగిపోవడం, ఇందాక స్పానరు తన చేతికి ఇవ్వడం, అన్నీ వరసగా కళ్ళముందుకొచ్చాయి.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

అతను ఇంజను ఆపేశాడు. పడవ నీళ్ళ మీద ఊరికే తేలింది.

"క్రిస్మస్ ముందు నుంచి. స్టీరింగు పట్టేసిన మాట నిజమే. దాంతోపాటు ఇదీ పట్టేసింది. చెప్తే నువ్వు పడవ అమ్మమంటావని" అన్నాడు.

అమ్మమనేదే. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. అమ్మితే ఇతను కూలికి పోవాలి, ఆ భుజంతో ఎవరు పిలుస్తారు? గ్రేసమ్మకు కోపం తెచ్చుకోవాలని ఉంది గాని, అందుకు కూడా ఒళ్ళు సహకరించలేదు. జరగవయ్యా అని మాత్రం అంది. అతను జరిగాడు. కోతలు లేని రోజుల్లో అతను అన్నం తినేటప్పుడు చక్రం పట్టుకున్న అలవాటు ఉంది ఆమెకు. ఏ బండ ఏ నీళ్ళ కింద ఉందో, ముందు కూర్చుని గెడ వేసిన మనిషికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఇంజను వేసి, బండల చుట్టూ తిప్పి, ఒడ్డుకు తెచ్చింది.

ఇంట్లో వందన మధ్యాహ్నపు కూర వేడిచేసి ఉంచింది. దానయ్య ప్రార్థన చేశాడు. పడవను, పడవ ఎక్కేవాళ్ళను కాపాడమని ఎప్పుడూ అనే మాటలే ఈసారి కొంచెం తడబడుతూ అన్నాడు. ఆమెన్ అన్నాక అందరూ కంచాల ముందుకు జరిగారు. గ్రేసమ్మ అందరికీ అన్నం పెట్టింది. మొగుణ్ణి ముందుగా అడగలేదు. అడిగితే అతను అవుననలేడు, కాదననూ లేడు. గరిటె గిన్నెలో పెట్టి, పచ్చడి వేసుకోమని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"రేపు మీ నాన్న నీతో నరసరావుపేట వస్తాడు వందనా, ఆ భుజం డాక్టరుకి చూపిచ్చు. నాగవేణికి ఫోన్ చేసి చెప్తా. రేపట్నుంచి నేను కోతకి పోను. పడవ నేను తోల్తా."