బూడిద నద్దిన వ్రేలు

శరదృతుప్రారంభమున నొకనాటి ప్రాతఃకాలమునందు సముద్రతీరమునుండి వీతెంచు నుప్పుగాలి మగ్గములపేటలోని యిరుకుసందులం దూరి వీధి పొడవునను సాచి గంజి పట్టించిన పడుగుల నార్చుచుండెను. లేతయెండ సోకి తడినూలు పసుపుచాయ నీనుచుండెను. ఇంటింటను మగ్గముల టకటకధ్వను లప్పుడే యారంభమగుచుండగా దేవాంగుల యింటి కోడలగు వకుళ పూలు గట్టుకొనుటకై దారపుండ చేతబట్టి, యది చిక్కుపడియుండుట గాంచి, కత్తెర దెచ్చి యా చిక్కును తటాలున గత్తిరించెను. అంతమాత్రమునకే యిల్లు దద్దరిల్లెను.

"చిక్కు పడితే విప్పుతారు గానీ కోస్తారటే? మగ్గం ఉన్న ఇంట్లో పోగు కోసిన కోడల్ని నిన్నే చూశా!" అని యత్తగారైన చౌడమ్మ వంటింటి గడపకడ నిలిచి గద్దించెను.

"ఏడున్నరకి డ్యూటీ అత్తయ్యా. మూరెడు దారానికి ఇంత గొడవా?"

"మూరెడైనా పోగు పోగే! ఆ పిచ్చోళ్ల మధ్య తిరిగి తిరిగి నీకూ ఓపిక లేకుండా పోయింది. ఆ కాయితం మీద సంతకం పెట్టి కళ్ల వార్డుకి పోవే తల్లీ. చుట్టాలకి చెప్పుకోటానికైనా బాగుంటుంది."

వకుళ యాఱు సంవత్సరములుగా జిల్లా పెద్దాసుపత్రిలో మానసికరోగుల నర్సుగా నుండెను. ఏ వార్డునందే రోగికి మతి చలించినను ఆమెకే పిలుపు వచ్చెడిది. ఇప్పుడు నేత్రవైద్యవిభాగమున నొక యుద్యోగము ఖాళీ పడగా, సమ్మతియో యసమ్మతియో మఱునాటి యుదయములోపల వ్రాసి యిమ్మని యధికారులు కాగితము పంపియుండిరి. వార్డులలో దన మాటను లెక్కసేయువారు లేరని విసిగి యామెయు సగము మనసున సమ్మతించియే యుండెను. గుమ్మము దాటుచు వెనుకకు జూడగా, చౌడమ్మ సణుగుచునే తెగిన కొనల నెడమచేతి వ్రేళ్లనడుమ నిలిపి, కుడిచేతి బొటనవ్రేలిని ప్రక్కనున్న కొబ్బరిచిప్పలోని బూడిదయం దద్ది, పట్టు జారకుండ పురి ద్రిప్పి యతుకుచుండెను.

ఆసుపత్రి సేరినంతనే శస్త్రచికిత్సవార్డునుండి కబురు వచ్చెను. మార్కండేయులను వృద్ధుడైన నేతగానికి మూడు దినములక్రిందట తుంటియెముక కాపరేషను జరిగెను. గడచిన రాత్రి యాతడు సెలైనుగొట్టము నూడబెఱుకబోగా సిబ్బంది చేతులను నడుమును గుడ్డపట్టీలతో మంచమునకు గట్టివైచిరి. అది మొద లాతని కేకలు వార్డంతయు మాఱుమ్రోగుచుండెను. వైద్యుడు సదాశివరావు విసిగి, యామధ్యాహ్నమే యాతనిని దూరనగరమునందలి పిచ్చాసుపత్రికి బంపుటకై యుత్తరము వ్రాసియుంచెను.

"మా నాయనకి పిచ్చి లేదమ్మా. మొన్నటిదాకా మగ్గం మీద కూసున్నోడు," అని కూతురు వీరమణి కన్నీ రొత్తుకొనెను.

వకుళ ప్రశ్న లేమియు నడుగక మంచముచెంత నొక బల్లపై గూర్చుండి పావుగంటసేపు వృద్ధుని వ్రేళ్లనే చూచుచుండెను. కట్టుబడిన యా కుడిచేతి బొటనవ్రేలు మాటిమాటికి బ్రక్కకు సాగి దేనినో తాకి మరలివచ్చి చూపుడువ్రేలితో గలిసి మెలితిరుగుచుండెను. ఉదయము దాను జూచినదియు నదియే! ఆమె వెంటనే యా చేతికట్టు విప్పి, వీరమణి కొంగున ముడివైచుకొన్న విభూతిని విప్పించి యాతని వ్రేలిచెంత నుంచి, పట్టీగుడ్డనుండి రెండు పోగులు లాగి యందించెను. ఆ వ్రేలు విభూతి నద్దుకొనెను. పోగు లతుకువడెను. కేకలు నిలిచెను. వినోదము జూడవచ్చిన ప్రక్కమంచములవారు మఱింత చేరువకు జరిగిరి.

"తాతా, ఎక్కడ తెగింది?" అని వకుళ మెల్లగా నడిగెను.

"తెగలేదమ్మాయ్, బిగిసింది. నడుం కాడ పడుగంతా బిగిసిపోయింది. కాస్త వదులు చెయ్యి!"

వినువారు నవ్విరి గాని వకుళ నవ్వలేదు. దుప్పటి తొలగించి చూడగా నడుమునకు గట్టిన పట్టీక్రింద మూత్రపుగొట్టము మడతవడి యుండెను. సంచి రిక్తముగా నుండెను. పొత్తికడుపు డప్పువలె బిగిసియుండెను. ఆమె పట్టీని విప్పి మడత సరిచేసినంతనే సంచి నిండసాగెను. గంట గడచునప్పటికి వృద్ధుడు కూతురిని పేరుపెట్టి పిలిచి కాఫీ యడిగెను.

"ఇది పిచ్చి కాదు సార్. ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లకి వచ్చే మతిచలనం. మనం కట్టిన కట్టే దాన్ని ముదరబెట్టింది. ఇట్లాగే పంపించి ఉంటే దారిలోనే ప్రాణం మీదికొచ్చేది," అని వకుళ నిష్కర్షగా బలికెను. సదాశివరావు యుత్తరమును దనచేతులతోనే చించివైచి, "ఇక ఈ వార్డులో వకుళగారికి చెప్పకుండా ఎవర్నీ కట్టొద్దు," అని సిబ్బంది కాజ్ఞాపించెను.

దీపములు వెలిగించు వేళకు ఇంటిల్లిపాదియు భోజనమునకు గూర్చుండిరి. తన భర్త నాగలింగమునకు పప్పును, కోడలికి వంకాయకూరను వడ్డించుచు చౌడమ్మ యింకను ముభావముగనే యుండెను. వకుళ జరిగినదంతయు జెప్పి, మొదటిముద్ద కలుపుచు ననియెను.

"కళ్ల వార్డుకి పోను. ఉన్నచోటే ఉంటానని రాసి ఇచ్చేశానత్తయ్యా."

గరిటె గాలిలో నిలిచెను. "నడుం కాడ బిగిసిందని ఆ ముసలాయన అంత తేటగా చెబుతుంటే, అంత చదివిన డాక్టరుకి అర్థం కాలా?"

"ఆయనకి మీలాంటి అత్తగారు లేరు మరి."

నాగలింగము పొలమారునంత నవ్వెను. చౌడమ్మ నవ్వు నాపుకొని, "చుట్టాలడిగితే ఏ వార్డని చెప్పనే?" అనెను.

"పిచ్చోళ్ల వార్డనే చెప్పండి."

"చెబుతాలే. రేపు పొయ్యేటప్పుడు నా బూడిదచిప్ప పట్టుకుపో. ఆ కత్తెర మాత్రం మళ్లీ నా కంటబడనీకు," అని యామె మఱియొక గరిటెడు కూర కోడలి కంచమున వైచెను.

భోజనానంతరమున వకుళ, యత్తగారు పగలు గట్టియుంచిన జాజిమాలను దీపముచెంతకు జేర్చి, యుదయము దాను ద్రెంచిన తావు కొఱకు దారము పొడవునను వ్రేలు నడపి చూచెను. అది యెచ్చటను వ్రేలికి దగులలేదు.