మా బావ పట్టిన ఒకే ఒక్క తప్పు

మా బావది కూర్చుని తినే ఉద్యోగం. వెటకారం కాదు, ఆయన నియామక పత్రంలోనే ఇంచుమించు అలా రాసుంది. మాది కుర్చీల ఫ్యాక్టరీ. తయారైన ప్రతి కుర్చీ మీదా ఆయన ఒకసారి కూర్చోవాలి. కుడికి ఒరగాలి, ఎడమకి ఒరగాలి, వెనక్కి వాలి ధబ్బున ముందుకు రావాలి. "కదల్లేదు!" అని షెడ్డంతా వినబడేలా అరిచి పచ్చ ముద్ర కొట్టాలి. సంస్థ బరువు బాధ్యతల్లో బాధ్యతలు తలా కాసిన్ని పంచుకున్నా, బరువు మాత్రం మొత్తం బావదే. నూట పది కిలోలు.

ఇక నేను ఆ కుర్చీలకి కాళ్లు సరిచేసేవాణ్ణి. అందరి దగ్గరా తలెత్తుకుని తిరుగుతూనే రోజూ కాళ్లు పట్టుకునే ఉద్యోగం నా ఒక్కడిదే. షెడ్డులో కిటికీ కింద, గాలి బాగా వచ్చే చోట, నేల మీద నాలుగు సుద్ద గుండ్రాలుంటాయి. బిగించిన కుర్చీని తెచ్చి, నాలుగు కాళ్లూ నాలుగు గుండ్రాల్లో పెట్టి, ఏ కాలు 'టక్' మంటే ఆ కాలుకి చిత్రిక పట్టి, చప్పుడు పూర్తిగా ఆగాక "బావా!" అని కేకేస్తాను. ఆయనొచ్చి అక్కడే, ఆ గుండ్రాల్లోనే కూర్చుంటాడు. పదకొండేళ్లుగా ఇదే తంతు. నలభై ఒక్క వేల కుర్చీలు. ఒక్కటీ కదల్లేదు.

కొన్నవాళ్లు అప్పుడప్పుడూ ఉత్తరాలు రాసేవాళ్లు, ఊగుతున్నాయని. వాటికి అచ్చేసిన జవాబొకటి సిద్ధంగా ఉండేది: 'మా కుర్చీ పరీక్షలో నెగ్గింది. దయచేసి మీ నేలని పరీక్షించుకోగలరు.'

మా అక్కకీ అదే జవాబు. ఇంట్లోనే మొగుడు కాబట్టి నోటితో చెప్పేవాడు. పదేళ్ల సర్వీసుకి బహుమతిగా ఇచ్చిన కుర్చీ ఇంట్లో ఊగితే, "నేల బాగోలేదే" అనేవాడు. నేల బాగోలేదని ఏడాదిలో రెండిళ్లు మారారు. మూడో ఇంట్లో చేరేముందు అక్క మేస్త్రీని పిలిపించి, నీళ్ల గొట్టంతో మూలమూలా మట్టం చూపించింది. నేల అద్దంలా ఉంది. కుర్చీ ఊగింది. అక్క నోరు మూసుకుని, ఓ కాగితం మడిచి కాలి కింద తోసి, దాని మీద కూర్చుని కూరలు తరగడం మొదలెట్టింది. కాగితం నలిగినప్పుడల్లా కొత్తది తోసేది. మడత మడతకీ మొగుడి వైపు ఓ చూపు.

ఇలా అందరం ఎవరి చోట వాళ్లం కుదురుగా ఉండగా మా యజమాని ఏదో సదస్సుకి వెళ్లొచ్చాడు. మేమాయన్ని పెద్దకుర్చీ అంటాం. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు 'ఉత్తమ సంస్థ పురస్కారం' అనే జ్వరం తగిలించుకుని, కూడా ఒక నాణ్యతాధికారిణిని తీసుకొచ్చాడు. ఆవిడ పట్టిందల్లా పట్టికే. మూడో రోజుకల్లా ఆవిడకి పట్టికల మేడమ్ అని పేరు ఖాయమైంది. ఆసనాలు చేసుకునే చోట శాసనాలు మొదలయ్యాయి. నీళ్ల కుండ మీద కూడా 'నీళ్ల కుండ' అని చీటీ, కింద ఇద్దరి సంతకాలు.

ఓ మంగళవారం మమ్మల్నిద్దర్నీ పిలిచింది. గోడ మీద పట్టిక. నా గడిలో 'చేసిన తప్పులు: సున్నా. పనితీరు: నూటికి నూరు.'

నేను మీసం సవరించుకున్నాను.

"మీరు పదకొండేళ్లలో పట్టుకున్న తప్పులెన్ని?" అంది బావతో.

"ఒక్కటీ లేదండీ," అన్నాడు బావ ఛాతీ పొంగించి.

"అంటే పట్టిన తప్పులు సున్నా. పనితీరు సున్నా."

అదే సున్నా. నా గడిలో పడితే నూరు, బావ గడిలో పడితే నోరు పడిపోయింది. పట్టిక దగ్గరికి జరిగి, "తప్పంటూ ఉంటే కదండీ పట్టడానికి?" అన్నాడు.

"అది తప్పులు చేయాల్సినవాళ్లని అడగండి," అంటూ నా వైపు చూసింది. నూటికి నూరు వచ్చినవాణ్ణి, నేనే తల దించుకున్నాను.

పక్కనే ఉన్న పెద్దకుర్చీ అందుకున్నాడు. "చూడవయ్యా. వచ్చే సోమవారం పురస్కారం పరీక్షకుడొస్తున్నాడు. ముందు అడిగేది లోపాల పుస్తకం. అది ఖాళీగా ఉంటే మనం లోపాలు వెతకడం లేదని అర్థమట. సోమవారానికి ఒక్క లోపమైనా అందులోకి ఎక్కకపోతే నాకు పురస్కారం లేదు, నీకు ఉద్యోగం లేదు. నీ స్థానంలో అదొస్తుంది," అని మూలకి చెయ్యి చూపించాడు.

మూలన ఇసుక బస్తా. నూట పది కిలోలు. బస్తాకి చీటీ కూడా కట్టేశారు: 'తాత్కాలిక పరీక్షకుడు.'

ఆ సాయంత్రం బావ అక్కయ్య ముందే నా చెయ్యి పట్టుకున్నాడు. "బావమరిదీ, ఒక్కటంటే ఒక్క చెడ్డ కుర్చీ చెయ్యరా. నలభై ఎనిమిదేళ్ల వాణ్ణి, కూర్చోవడం తప్ప ఇంకో విద్య రాదు. కూర్చున్నందుకు జీతమిచ్చే ఉద్యోగాలు బయట లేకపోలేదు గానీ, అవన్నీ మరీ పెద్ద పదవులు, నాలాంటివాడికి ఇవ్వరు."

"ఊగకపోయినా ఊగిందని రాసెయ్ బావా, ఎవడు చూడొచ్చాడు?"

"ఛీ! ముద్ర పట్టుకున్న చెయ్యిరా ఇది. ఊగితేనే రాస్తాను."

బుధవారం ఓ కాలు వేలెడు పొట్టిగా కోశాను. గుండ్రాల్లో పెట్టాను. 'టక్' మంది. హమ్మయ్య అనుకుని బావని పిలిచేలోపు నా చెయ్యి చిత్రిక తీసుకుని మిగతా మూడు కాళ్లనీ ఆ కాలికి సరిపెట్టేసింది. పదకొండేళ్ల అలవాటు, 'టక్' వింటే ఆగదు. బావొచ్చి కూర్చున్నాడు. కుర్చీ కాస్త పొట్టిదైంది తప్ప రాయిలా నిలబడింది. "కదల్లేదు," అన్నాడు, ఏడుపు గొంతుతో.

గురువారం చేతికి గుడ్డ కట్టుకున్నాను. ఎడమ చెయ్యి సరిచేసేసింది. శుక్రవారం బిగింపులన్నీ వదులు చేస్తే, బావ కూర్చోగానే ఆ బరువుకి అతుకులన్నీ వాటంతటవే బిగుసుకున్నాయి. దూరం నుంచి చూస్తున్న పట్టికల మేడమ్ దగ్గరికొచ్చింది. "కావాలని చేసిన లోపం లెక్కలోకి రాదు. నిబంధన ఏడు. లోపం సహజంగా రావాలి," అనేసి వెళ్లింది. సహజంగా లోపం రావాలంటే లోపల ఉండాలి కదా. నా లోపల లేదు, అదే నా లోపమైపోయింది.

శనివారం ఇసుక బస్తాని మూలనుంచి తెచ్చి కిటికీ పక్కన పెట్టారు, వాతావరణానికి అలవాటు పడాలని.

ఆదివారం అక్క కాఫీ గ్లాసు నా ముందు ఠంగుమని పెట్టింది. "ఒరేయ్, చెడ్డది చెయ్యడం నీ వల్ల కాదని వారమంతా చూశాంగా. ఇవాళ సెలవేగా, నాకో మంచిది చేసిపెట్టు. ఊళ్లో అందరికీ చేస్తావు, తోబుట్టువుకి కాగితాల కుర్చీనా?"

షెడ్డు నుంచి తెచ్చిన చెక్క ముక్కలు ఎలాగూ ఉన్నాయి. వంటింటి ముందు, మేస్త్రీ మట్టం చూసిన ఆ అద్దం నేల మీద, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని ఒక కుర్చీ చేశాను. అక్క కూర్చుంది. కుడికి ఒరిగింది, ఎడమకి ఒరిగింది. కింద కాగితం లేదు. కూరల కత్తి పక్కన పెట్టి, పనేమీ లేకుండా ఊరికే అలా పది నిమిషాలు కూర్చుంది. మా అక్క ఊరికే కూర్చోవడం అదే నేను మొదటిసారి చూడటం.

బావ గుమ్మంలో నిలబడి ఆ కుర్చీ వైపే చూస్తున్నాడు. "ఒరే, ఇది మన గుండ్రాల్లో చేసింది కాదు కదా?"

"కాదు."

"అంటే పద్ధతి ప్రకారం చేసింది కాదు. పద్ధతి తప్పితే లోపమేగా. పైగా మనం కావాలని చేసిందీ కాదు. సహజం!"

అక్క చేతులు రెండూ కుర్చీ చేతుల మీద బిగించింది. "నా కుర్చీ జోలికొస్తే మర్యాద దక్కదు."

"ఒక్క పూటే. చూపించి తెచ్చేస్తాను. సాయంత్రానికి నీ కుర్చీ నీ ఇంట్లో ఉంటుంది. ఒట్టు."

మొగుడి ఉద్యోగం. లేవక ఏం చేస్తుంది? లేచింది.

సోమవారం పొద్దున పరీక్షకుడు రాకముందే కుర్చీని గుండ్రాల్లో పెట్టాం. బావ కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

'టక్.'

బావ ఎడమకి ఒరిగాడు. 'టక్.' వెనక్కి వాలాడు. 'టక్ టక్.' బావ కళ్లల్లో నీళ్లు. "కదిలింది!" అని అరిచాడు. "కదిలిందిరా బావమరిదీ, కదిలింది!" షెడ్డులో నలుగురూ పరుగెత్తుకొచ్చి ఆయన్ని ఎత్తబోయి, మధ్యలో మనసు మార్చుకుని భుజం తట్టారు. ఎర్ర ముద్ర డబ్బా పదకొండేళ్లకి మొదటిసారి తెరిచారు. సిరా ఎండి పెంకు కట్టింది. నీళ్ల కుండలోంచి చుక్క పోసి నానబెట్టి ముద్ర కొట్టారు. పట్టికల మేడమ్ లోపాల పుస్తకంలో ఒకటో నంబరు వేసింది. పెద్దకుర్చీ బావని కౌగిలించుకుందామని చూశాడు గానీ సగం వరకే చేతులందాయి.

పరీక్షకుడు సన్నటి మనిషి. పుస్తకం చూశాడు, కుర్చీ చూశాడు, సంచీ కింద పెట్టాడు.

"ఇది ఎందుకు ఊగింది?"

"కాళ్లు సమంగా లేవండి," అంది మేడమ్. ఆయన టేపు తీసి కొలిచాడు. నాలుగూ వెంట్రుక తేడా లేకుండా సమంగా ఉన్నాయి.

"మరెందుకు ఊగింది?"

"ఇక్కడ చేసింది కాదండీ. ఇంట్లో చేశాను," అన్నాను.

"ఇంట్లో చేస్తే ఎందుకు ఊగాలి?"

"అక్కడి నేల సమంగా ఉంటుందండీ," అనేశాను. అనేశాక నాలుక కరుచుకున్నాను.

"సమంగా ఉన్న నేల మీద చేసింది ఇక్కడెందుకు ఊగుతోంది?"

ఆయన సంచీలోంచి రసమట్టం తీసి గుండ్రాల మీద పెట్టాడు. అందులో బుడగ ఓ పక్కకి పారిపోయింది. వెనక కుడికాలి గుండ్రం దగ్గర నేల మూడు మిల్లీమీటర్లు దిగిపోయి, నున్నటి గుంటై ఉంది.

"ఇక్కడ గుంట ఎందుకు పడింది?"

ఐదో 'ఎందుకు'. అందరం బావ వైపు తిరిగాం. బావ తన వైపే, అంటే పొట్ట వైపు, చూసుకున్నాడు. పదకొండేళ్లు, నలభై ఒక్క వేల సార్లు వెనక్కి వాలి ధబ్బున ముందుకొచ్చిన మనిషి. ఆయన నేలని దించుతూ వచ్చాడు, నేను దానికి సరిగ్గా వెనక కుడికాలిని పెంచుతూ వచ్చాను. ఇద్దరం ఒకే చోట చేసి ఒకే చోట చూసుకున్నాం. మేం ఊరిమీదకి వదిలిన ప్రతి కుర్చీకీ ఒక కాలు మూడు మిల్లీమీటర్ల దాకా పొడుగు.

"అంటే... లోపం ఉన్నది దీన్లో కాదు," అన్నాడు పెద్దకుర్చీ, పెదవులు తడుపుకుంటూ. "మిగతా..."

"నలభై ఒక్క వేలు," అంది మేడమ్.

బావ వెళ్లి ఇసుక బస్తా పక్కన నిలబడ్డాడు, స్థానం అప్పగిస్తున్నట్టు. మేడమ్ మాత్రం లెక్క కడుతూనే ఉంది. "పట్టిన తప్పులు ఇవాళ ఉదయం దాకా సున్నా. ఇప్పుడు నలభై ఒక్క వేలు. ఒక్క పూటలో." పెన్ను ఆగింది. "పనితీరు గడిలో అంకె పట్టడం లేదండీ. పక్క గడి కూడా ఇవ్వాలి."

పక్క గడి నాది. నా నూరు కొట్టేసి బావ అంకెలు పొడిగించారు. ఒకే ఇంటివాళ్లం కదా అని నేనేమీ అనలేదు.

పరీక్షకుడు అడిగాడు: "సరే, దిద్దుబాటు చర్య ఏమిటి?"

నాయకత్వం అంటే ఏమిటో అప్పుడు చూశాను. పెద్దకుర్చీ రెండు క్షణాలు కళ్లు మూసుకుని తెరిచాడు. "కుర్చీల్ని మార్చలేం. జనాల నేలల్ని మార్చలేం. ప్రమాణాన్ని మారుస్తాం. ఇవాళ్టి నుంచి మా కుర్చీ అంటే మూడు మిల్లీమీటర్ల గుంటలో నిలబడేది. గుంట మా ప్రమాణం. రాసుకో మేడమ్."

పరీక్షకుడు తన పుస్తకం తిరగేశాడు. "ప్రమాణం ఉండాలి. ఉంది. రాసి ఉండాలి. రాశారు. ప్రతి వస్తువూ దానికి లోబడాలి." గుంటలోకి వంగి వేలితో నిమిరాడు. "నలభై ఒక్క వేలలో ఒక్కటి కూడా తేడా పోలేదు. నా ఉద్యోగంలో ఇంత నిలకడ చూడలేదు." అనేసి సంతకం పెట్టాడు. లేవబోతూ పక్కనున్న పచ్చ ముద్ర కుర్చీ మీద చెయ్యి ఆనించాడు. అది ఊగి, చేతిలో సంచీ కిందపడింది. "మీ నేల చూసుకోండి," అన్నాడు, చాలా మర్యాదగా.

సాయంత్రానికి గుంట చుట్టూ ఇత్తడి కడ్డీ వెలిసింది. బావకి కొత్త పదవి వచ్చింది: ప్రమాణ సంరక్షణాధికారి. రోజూ గుంట లోతు కొలవాలి, తగ్గితే కూర్చుని దించాలి. ఇసుక బస్తా ఆయన కింద పనిచేస్తుంది, ఆయన సెలవు పెట్టిన రోజున. బంగారు అంచున్న దళసరి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

"మరి ఆ కుర్చీ నేను తీసుకెళ్తానండీ," అన్నాడు బావ.

మేడమ్ కళ్లు పెద్దవి చేసింది. "ఏ కుర్చీ? లోపాల పుస్తకంలో ఉన్నది అదొక్కటే. వచ్చే ఏడు మళ్లీ చూపించాలి." అప్పటికే దాన్ని ఎర్ర రంగు వేసిన గదిలో పెట్టి తాళమేశారు. తలుపు సందులోంచి చూశాం. గది నేల కొత్తగా వేసిందేమో, చదునుగా ఉంది. కుర్చీ నాలుగు కాళ్ల మీదా నిమ్మళంగా నిలబడి ఉంది.

ఇంటికెళ్లేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. ముందు మా ముఖాలు చూసింది, తర్వాత చేతులు చూసింది.

"ఉద్యోగం?"

"ఉంది," అన్నాడు బావ. "పెరిగింది కూడా."

"కుర్చీ?"

బావ ప్రశంసాపత్రం చాచాడు. అక్క దాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి, అంచు వేళ్ల మధ్య నలిపి చూసింది. "కాగితం గట్టిదే," అంది. రెండుగా మడిచింది, నాలుగుగా మడిచింది, ఎనిమిది చేసింది. పాత కుర్చీ కాలి కింద తోసి, కూర్చుని, కూరల పళ్లెం, కత్తి ఒళ్లోకి లాక్కుంది.

బావ అలవాటుగా వంగి, కుర్చీ పట్టుకుని కుడికి ఒకసారి, ఎడమకి ఒకసారి నెట్టి చూశాడు.

"కదల్లేదు," అన్నాడు, ఈసారి మెల్లగా.

"తెలుసు," అంది అక్క. "ఆ కూరల సంచీ ఇటివ్వండి, వంకాయలున్నాయి."