తెల్లారేసరికి దిగిపోయే బ్యాటరీ

లెక్కల మాస్టారు కారును షెడ్డు ముందు నిలిపి, ఇంజను ఆపకుండానే దిగారు. ఆయన భార్య పోయి పదిహేడు రోజులైంది.

"ఆపితే మళ్లీ స్టార్టవుతుందన్న నమ్మకం లేదు" అన్నారు. "ఈసారి బ్యాటరీ మార్చొద్దు నాయనా. అసలు తప్పెక్కడుందో చూసి చెప్పు. ఎంతసేపైనా కూర్చుంటాను."

ఎలక్ట్రీషియన్ తల ఊపాడు. ఆయన కళ్లలోకి చూడలేకపోయాడు. ఈ కారు మీద అతను ఇప్పటికే రెండుసార్లు చెయ్యి వేశాడు. మొదటిసారి బ్యాటరీ పోయిందని కొత్తది బిగించాడు. మూడు వారాలు నడిచి అదీ మొరాయిస్తే, చార్జింగు పెట్టి ఇచ్చేస్తూ, "మీరే లోపలి లైటు ఆపడం మర్చిపోతున్నట్టున్నారు మాస్టారూ, వయసు కదా" అని నవ్వాడు. ఆయన కూడా నవ్వారు.

ఈసారి ఇంజను ఆపి మీటరు తీశాడు. బ్యాటరీ తీగ ఒకటి ఊడదీసి, మధ్యలో మీటరు కలిపాడు. అన్నీ ఆపి తాళం వేసినా కరెంటు ఎంత పారుతోందో అది చూపిస్తుంది. కారులోని సరంజామా అంతా నిద్రలోకి జారుకోవడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటా ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు.

"ఆవిడకి వారానికి మూడుసార్లు డయాలసిస్" అన్నారు మాస్టారు, అడక్కుండానే. "ముందుసారి జ్వరమని వెళ్లలేదు. ఆ రోజు తప్పనిసరి. పొద్దున్నే సంచీ సర్దుకుని ముందు సీట్లో కూర్చుంది. తాళం తిప్పితే టిక్కుటిక్కుమంది, అంతే. వాన. వేరే బండి దొరికేసరికి గంటన్నర. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందట. దారిలోనే నా చెయ్యి వదిలేసింది."

ఎలక్ట్రీషియన్ లేచి మీటరు చూసొచ్చాడు.

"అమ్మాయి నాతో మాట్లాడ్డం లేదు. నువ్వన్న లైటు సంగతి నేనే చెప్పాను దానికి. 'మీ మతిమరుపు అమ్మని మింగేసింది నాన్నా' అంది. రాత్రుళ్లు లేచి లెక్క చూసుకుంటున్నాను. లైటు ఆపానా, లేదా? ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు."

మీటరులో ఒకటీ పాయింట్ ఎనిమిది ఆంపియర్ల దగ్గర అంకె ఆగింది. అందులో ముప్పయ్యో వంతు కూడా ఉండకూడదు. ఆ లెక్కన తెల్లారేసరికి బ్యాటరీ సగానికి పైగా ఖాళీ; పగలు తిప్పితే మళ్లీ నిండుతుంది, ఒక్కరోజు నిలిపితే అంతే సంగతులు.

అతను ఫ్యూజులు ఒక్కొక్కటే పీకసాగాడు. హెడ్‌లైట్లది తీశాడు, అంకె కదల్లేదు. లోపలి లైటుది తీశాడు, కదల్లేదు. అక్కడే ఒక క్షణం ఆగిపోయాడు. హారను, అద్దాలు, ఫ్యాను, దేనికీ కదల్లేదు. ఫ్యూజుల పెట్టె ఖాళీ అయిపోయింది. ఇక మిగిలింది బ్యాటరీ నుంచి నేరుగా డిక్కీలోకి పోయే ఎర్ర తీగ ఒక్కటే. దాని ఫ్యూజు తీయగానే అంకె సున్నా దాకా జారిపోయింది.

ఆ తీగ లాగింది తనే.

ఎనిమిది నెలల క్రితం, ఆసుపత్రి దారిలో పాటలు బాగా వినపడాలని ఆవిడ ముచ్చటపడితే డిక్కీలో యాంప్లిఫయరు బిగించాడు. దాన్ని ఆన్ చేసే సన్నతీగను స్టీరియోకి కలపాలంటే డాష్‌బోర్డు విప్పాలి. ఆ రోజు పనులు మీద పడి ఉన్నాయి. ఎప్పుడూ కరెంటుండే తీగకే దాన్ని మెలిపెట్టి టేపు చుట్టేశాడు. కారు ఆపినా యాంప్లిఫయరు మేలుకునే ఉంది.

"దొరికిందా?" అన్నారు మాస్టారు వెనక నుంచి.

కారులోని ఏదో రిలే స్విచ్చు దానంతటదే అంటుకుపోయిందంటే సరిపోయేది. ఆయన నమ్మేవారు. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

"లైటు కాదు మాస్టారూ" అన్నాడు. "మీరేం మర్చిపోలేదు. నేను బిగించిన పాటల పెట్టె. తీగ తప్పు కలిపాను. రెండుసార్లు మీరొస్తే మీటరు పెట్టి చూడలేదు. చూసుంటే ఇదే అరగంట పని."

మాస్టారు కారు మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. కొడతారేమో అనుకున్నాడు అతను. కొడితే బాగుండుననీ అనుకున్నాడు.

"ఈ మాట మా అమ్మాయికి చెప్తావా?" అన్నారాయన చివరికి.

కూతురు గంటలో వచ్చింది. ఎలక్ట్రీషియన్ ఫ్యూజు పెట్టి, తీసి, మీటరు చూపించి, మొదటి నుంచీ చెప్పాడు. ఆమె కదలకుండా వింది.

"పైగా మా నాన్నకి వయసైందన్నారు మీరు" అంది.

"అన్నానమ్మా."

ఆమె తండ్రి పక్కన బల్ల మీద కూలబడి, ఆయన భుజానికి నుదురానించి ఏడ్చింది. మాస్టారు ఆమె తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టేసుకున్నారు.

తీగ సరిచేసి ఇస్తానన్నాడు ఎలక్ట్రీషియన్.

"పీకెయ్. చాలు" అన్నారాయన. కూతురే కారు నడుపుకుంటూ తండ్రిని తీసుకెళ్లింది. ఆ కారు మళ్లీ ఆ షెడ్డు ముఖం చూడలేదు.

వాళ్లు వెళ్లాక అతను పాత పనులన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. తొందరలో అలాగే మెలిపెట్టి ఇచ్చేసిన బళ్లు ఇంకా నాలుగున్నాయి. ఫోను తీసి ఒక్కొక్కరికే కలిపాడు. ఇద్దరు రేపొస్తామన్నారు. ఒకరు ఎత్తలేదు. నాలుగో ఆయన, "బండి బానే ఉందిగా, ఎందుకు రమ్మంటున్నావ్?" అని విసుక్కున్నాడు.

ఎలక్ట్రీషియన్ బల్ల మీద కూర్చుని, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.