డమ్మీ తూటా

మైదా జిగురు రాసిన కాగితం ముక్కలతో టార్గెట్ మీది చిల్లులు మూయబోతూ జగన్నాధం ఆగిపోయాడు. తూటా దూరిన చిల్లుకు అంచున మసి ఉంటుంది. నల్లచుక్క నడుమనున్న వీటికి లేదు. ఇవి పెన్సిలుతో పొడిచినవి.

ఒళ్లు మండిపోయింది. విజయనగరం అవతల ఈ ఫైరింగ్ రేంజిలో హెడ్ కానిస్టేబులుగా ఎండకు మాడి, మోకాళ్లు అరగదీసుకుని, కుడిచెవి వినికిడి పోగొట్టుకున్నాడు. ఈ దిక్కుమాలిన పెన్సిలు జాలిని మాత్రం మాన్పించలేకపోయాడు. ఇవాళే రిటైర్‌మెంటు.

"ఎవడ్రా పొడిసినాడు?"

టార్గెట్ల దగ్గరున్న కానిస్టేబుల్ గిరిబాబు నసిగాడు. "నీలవేణి కొత్త కదా సార్. రేపు పరీక్ష తప్పితే పిస్తోలు డ్యూటీ పోతాది. పాపమనీ..."

"పాపమా? రేపెవడైనా కత్తట్టుకొని దాని మీదకొస్తే, నువ్వు పెన్సిలట్టుకొని ఎల్తావేటి?"

కాల్పుల గీత దగ్గర నుంచి నీలవేణి ఉరికి వచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది. "నానడగలేదు సార్!"

"మరిటు సూడు. నీవి ఇవి." ఎడమపక్క కింద, అరచేతిలో పట్టేంత చోట, మసి అంచుల చిల్లులు. "అన్నీ ఒక్కకాడే పడ్డాయి. అంటే సెయ్యి కుదురుతున్నాది. పేల్తాదని ముందే బెదిరి కిందకి నొక్కేస్తన్నావు, అంతే."

ఆమెకు వీపు తిప్పి, పిస్తోలు మేగజీన్‌లో తూటాలు నింపి ఇచ్చాడు. నడుమ ఎక్కడో మందులేని డమ్మీ తూటా ఒకటి దూర్చాడు. ఆమె నొక్కింది. పేలలేదు, టిక్కుమంది. పిస్తోలు మూతి మాత్రం దానంతటది కిందికి వంగింది. నీలవేణికి తన చేతి మీదే అసహ్యం వేసింది.

"మళ్లీ. సుక్కని కాదు, పిస్తోలు కొసని సూడు."

మధ్యాహ్నమంతా తిడుతూనే ఉన్నాడు.

సాయంత్రం ఆఫీసులో హడావిడిగా దండ వేసి, ఫొటో తీసి, ఎవరి పనికి వాళ్లు పోయారు. అతను రేంజికి తిరిగొచ్చి, ఇంకా అక్కడే ఉన్న నీలవేణి టార్గెట్‌కు అతుకులు వేశాడు. జిగురు చేతులతోనే మేగజీన్ నింపాడు.

"డమ్మీ ఉన్నాదా సార్?"

"సెప్తే ఇంకెందుకు?"

ఆమె కాల్చింది. కాగితంలో, చుక్క అంచున, చిల్లులు పడుతున్నాయి. అంతలో టిక్కుమంది. పిస్తోలు కదలలేదు.

"సార్! సూసినారా!"

వెనక స్టూలు ఖాళీ. గేటు బయట ఆటో మలుపు తిరుగుతోంది. సూసిపోతే ఏటి పోయింది ఈ ముసిలోడికి! కోపంతో ఆమె పిస్తోలు మీది స్లైడు వెనక్కి లాగింది. ఎగిరి ఇసకలో పడిన ఇత్తడి డమ్మీ తూటా మీద ఎండిన మైదా, ఒక బొటనవేలి ముద్ర.