టైలరమ్మ దిద్దిన గీతలు

టైలరమ్మ ముప్పై ఏళ్ళుగా ఆడవాళ్ళ కొలతలు తీస్తోంది. ఎవరి భుజం వాలిందో, ఎవరి నడుం పెరిగిందో టేపు తీయకుండానే చెప్పేస్తుంది. అలాంటి మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన టెక్నీషియను పిల్ల ఆవిడ ఒంటి మీద మార్కరుతో గీతలు గీస్తే ఊరుకుంటుందా?

"వంకర పోయింది చూడు," అని మొదటిరోజే వంక పెట్టింది.

ఎడమ రొమ్ములో కణితిని ఆపరేషన్ చేసి తీసేశారు. ఎక్కడైనా కాస్త మిగిలి ఉంటే దాన్ని కూడా మాడ్చేయడానికి పదిహేను రోజులు రేడియేషన్ పెట్టాలన్నారు. ఆ గీతలెందుకో డాక్టరమ్మ ముందే చెప్పింది. "మీ గుండె సరిగ్గా దీని కిందే ఉందమ్మా. కిరణం దాన్ని తప్పించుకుని పోవాలి. గీతలు రుద్దకండి, చెరపకండి. వెలిసిపోతే మాకు చెప్పండి."

గీతల గురించి చెప్పినదాంట్లో రుద్దకండి, చెరపకండి అన్న రెండు మాటలే టైలరమ్మ చెవికెక్కాయి. ఆరు రోజులు సజావుగా గడిచాయి. ఆదివారం స్నానం చేసి చూసుకుంటే గీతలు సగానికి సగం వెలిసిపోయాయి. మళ్ళీ స్కానింగు అంటారేమో, వైద్యం వెనక్కి పోతుందేమో అని ఆవిడ ప్రాణం ఉసూరుమంది. అద్దం ముందు నిలబడి, స్కేలు ఆనించి, మిగిలిన ఆనవాళ్ళ మీద ముచ్చటగా దిద్దుకుంది. చెరిగిపోయిన చోట తన అంచనా ప్రకారం కలిపేసింది. తమ్ముడి భార్యను పిలిచి చూపించింది కూడా.

"ఆ అమ్మాయి కంటే నువ్వే నయం వదినా!" అంది మరదలు. ఇక టైలరమ్మను పట్టేవాళ్ళు లేరు.

సోమవారం దర్జాగా బల్ల మీద పడుకుని, చెయ్యి తల మీదికెత్తింది. టెక్నీషియను పిల్ల వంగి చూసి ఆగిపోయింది.

"ఆంటీ, ఇవి నేను గీసినవి కావు."

"ఎలా తెలుసు?"

"ఇంత తిన్నగా నాకు రాదు."

మరదలి మీదికి తోసేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ అది గుండెకు సంబంధించిన వ్యవహారం. "నేనేనమ్మా. అద్దం ముందు నిలబడి గీసుకున్నా," అంది టైలరమ్మ.

అంటూండగానే ఆవిడకు వెలిగింది. నిలబడి, చెయ్యి దించి గీసుకుంది. ఇప్పుడు పడుకుని, చెయ్యి ఎత్తింది. చెయ్యి ఎత్తితే ఒంటి మీది చర్మమంతా పైకి లాగుతుందని ఎన్ని వందల మందికి చెప్పి ఉంటుంది! "చెయ్యి దించమ్మా, కొలత మారిపోతుంది" అనేది ఈ నోరే కదా. అంత అనుభవమూ తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి ఎటు పోయింది?

"ఎంత తేడా వచ్చింది?" అని అడిగింది.

"బొటనవేలంత."

కబురందుకుని డాక్టరమ్మ వచ్చింది. తిట్టలేదు. మెడ కింది గుంటలో వేలు పెట్టి, రొమ్ముల మధ్య ఎముక మీదుగా దిగి, పక్కటెముకలు ఒక్కొక్కటే తడుముతూ లెక్కపెట్టింది. "చర్మం మాట మారుస్తుందమ్మా, ఎముక మార్చదు," అంటూ సరైన చోట కొత్త గీతలు పెట్టించింది. అప్పుడే ఎక్స్‌రే తీసి, మొదటి స్కానింగుతో పోల్చడానికి పక్కగదిలోకి వెళ్ళింది. ఆ కాసేపూ టైలరమ్మ కదల్లేదు. జీవితంలో మొదటిసారి ఎవరి కొలతకూ వంక పెట్టలేదు.

"సరిపోయింది," అంది డాక్టరమ్మ తిరిగొచ్చి. "గుండె కిరణం దారికి పక్కనే ఉంది, తగలదు. కానీ మీ చేతిని నమ్మలేం. గీతల బదులు మూడు పచ్చబొట్టు చుక్కలు పెట్టేస్తాం. ఆవగింజంత ఉంటాయి. కాకపోతే జన్మలో పోవు. ఇష్టమేనా?"

"పదేళ్ళ తర్వాత కూడా కనిపిస్తాయా?"

"ఎందుకు కనిపించవు? పదేళ్ళయినా, ఇరవయ్యేళ్ళయినా అద్దంలో చూసుకోవచ్చు."

జబ్బు సంగతి తెలిసినప్పటి నుంచి టైలరమ్మ ముందు ఇన్నేళ్ళ లెక్క ఎవరూ ఎత్తలేదు. ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

"అయితే పెట్టెయ్యండి," అంది. "కాస్త ముదురుగా పెట్టండి. అప్పటికి నా చూపు ఆనదేమో."