పసుపు కింద మొదటి వరుస

మా కొల్హాపూర్‌లో ఆయుధపూజ చేసుకునే ఖండే నవమి నాడు ప్రతి పనిముట్టుకీ బొట్టు పడుతుంది. దర్జీ కత్తెరకీ, కమ్మరి సుత్తికీ, మిసళ్ అమ్మే టిఫిను దుకాణం గరిటెకీ పడ్డట్టే, ఆ దుకాణం మేడ మీద వెబ్‌సైట్లు తయారుచేసే సర్నోబత్ గారి ఆఫీసులో ఒక కాగితానికి కూడా పడింది. భక్తికి నేను అడ్డు చెప్పను. కానీ చదువరులారా, ఆ బొట్టు ఎక్కడ పెట్టారో మాత్రం కాస్త గమనించండి.

ప్రసన్న అనే పాత ఉద్యోగి పుణే వెళ్లిపోతూ రాసిచ్చిన కాగితం అది. కొత్త పేజీలు సైటులోకి ఎక్కించడానికి నల్ల తెర మీద వరసగా కొట్టాల్సిన ఆదేశాలు ఏడు వరుసల్లో ఉన్నాయి. మౌసుతో ఎంత పనైనా చేసే సర్నోబత్ గారికి, బొమ్మా గుండీ లేని ఆ నల్ల తెర అంటే గుండెదడ. అందుకే పసుపూ కుంకుమా తడిపి కాగితం పై అంచున ధారాళంగా పట్టించారు. మొదటి వరుస దాని కింద పడిపోయింది. తుడిస్తే పాపమని ఎవరూ తుడవలేదు. రెండో వరుస నుంచి కొట్టినా పని జరిగిపోతూనే ఉంది.

టైపు ఇన్‌స్టిట్యూటు మూతపడ్డాక, ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో ఈ పని నేర్చుకుందామని సులభ అక్కడ చేరింది. మూడో రోజే సర్నోబత్ గారిని అడిగేసింది.

"సాహెబ్, ఆ పసుపు కింద ఏముందండీ?"

"దేవుడున్నాడు. నువ్వు రెండోదాన్నుంచి కొట్టు తాయీ," అన్నారాయన. మా ఊళ్లో అక్కని తాయీ అంటారు.

"రెండోది 'ఇక్కడున్నవన్నీ తుడిచెయ్' అని కదండీ. ఇక్కడ అంటే ఎక్కడ?"

"ప్రతి మెతుకులో రాయి వెతుక్కుంటూ కూర్చుంటే ఇంక తిన్నట్టే!"

సులభ అంతటితో ఊరుకోలేదు. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పే వేళ ఆమె నల్ల తెర తెరిచేది. ఏ ఫోల్డరులో ఉన్నామో చెప్పే పీడబ్ల్యూడీ, అక్కడ ఏమున్నాయో చూపించే ఎల్ఎస్, ఇంకో ఫోల్డరులోకి తీసుకెళ్లే సీడీ, నకలు తీసే సీపీ, ఒక్కోటి పదేసి సార్లు కొట్టేది. సాధనకి ఫైళ్లు కావాలి కదా! నాగోబా తాలీమ్ అనే కుస్తీ గోదా వాళ్లు సైటు కోసం ఇచ్చిన ఫొటోలన్నిటికీ నకలు తీసుకుని, ఆ ఫోల్డరుకి 'సులభ తప్పులు' అని పేరు పెట్టింది. అది చూసి సర్నోబత్ గారు నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకున్నారు.

"తప్పులు దాచుకోడానికి కూడా పెట్టె కావాలా తాయీ నీకు!"

తాలీమ్ నూరేళ్ల పోటీల సైటు మొదలయ్యే రోజు వచ్చింది. తాలీమ్ పెద్ద హిందూరావ్ వస్తాద్ స్వయంగా వచ్చారు. డెబ్బై దాటినా ఆయనకి కుర్చీ చాలదు, బల్ల వేశారు. ఆ ఫొటోల అసలు ప్రతులు వరదలో పోయాయి. వాళ్ల నాన్నగారు వెండి గద పట్టుకున్న ఒకే ఒక్క ఫొటో కూడా ఇక ఈ కంప్యూటరులోనే ఉంది.

వస్తాద్ ముందు ప్రతాపం చూపించాలని సర్నోబత్ గారికి సరదా పుట్టింది. సులభ చేత ఆదేశం చెప్పించుకుని ఫొటోల ఫోల్డరులోకి వెళ్లారు.

"చూశారా వస్తాద్, మొత్తం నాలుగువందల పన్నెండు!"

తర్వాత కాగితానికి దణ్ణం పెట్టి, అదే తెర మీద రెండో వరుస కొట్టారు.

"సాహెబ్, ఆగండి! మనం ఇంకా ఫొటోల్లోనే..."

"శుభమా అని మొదలెడుతుంటే ఆ అడ్డేంటి!" అని ఎంటర్ నొక్కేశారు.

నల్ల తెర కిక్కురుమనలేదు. సులభ ఎల్ఎస్ కొట్టి చూసింది. ఖాళీ. కంప్యూటరు చెత్తబుట్టలోనూ వెతికారు. నల్ల తెర మీద తుడిచినవి ఆ బుట్టలోకి రావని ఆయనకి అప్పుడే తెలిసింది.

"ఏమయ్యా, మా నాన్న కనిపించడేం?" అన్నారు వస్తాద్.

సర్నోబత్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. వెంటనే ప్రసన్నకి ఫోను చేశారు.

"మొదటి వరుస కొట్టారా సార్? ముందు పరీక్ష ఫోల్డరులోకి వెళ్లమని రాశానుగా!"

సులభ తడి రుమాలుతో పసుపు తుడిచింది. నిజమే, అక్కడ అదే ఉంది. నల్ల తెర తనంతట తాను ఆ ఫోల్డరులోనే తెరుచుకునేది కాబట్టి ఇన్నాళ్లూ బతికిపోయారు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ముందు తను ఏ ఫోల్డరులో ఉందో చూసుకుంది. తర్వాత 'సులభ తప్పులు' నుంచి అన్నీ వెనక్కి నకలు తీసింది. నాలుగువందల పన్నెండూ వచ్చాయి. వెండి గదతో పెద్దాయన కూడా వచ్చారు, కాకపోతే ఆయన ఫొటో పేరు 'ఉల్లిపకోడీ' అని ఉంది.

"పేర్లు మార్చడం నేర్చుకుంటూ అలా పెట్టానండీ, క్షమించండి," అంది సులభ సిగ్గుపడిపోతూ.

వస్తాద్ బల్ల అదిరేలా నవ్వారు. "మా నాన్నకి అవంటే ప్రాణం అమ్మాయ్!"

సర్నోబత్ గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వడిగిన రోజే చెప్పాల్సింది తాయీ. నాకూ తెలీదని ఒప్పుకోడానికి సిగ్గేసింది."

వస్తాద్ నవ్వు ఆపారు. "మా గోదా మట్టిలోకి దిగినవాడికి పట్లు తర్వాత నేర్పుతాం సర్నోబత్. ముందు నీ కాలు ఎక్కడుందో చూసుకోమంటాం. అడిగినవాణ్ణి చూసి నవ్వే తాలీమ్‌లో పహిల్వాన్లు తయారవరయ్యా."

మరుసటి ఏడాది ఖండే నవమికి సర్నోబత్ గారు పసుపు గిన్నెతో కాగితం ముందు ఆగారు.

"తాయీ, ఎక్కడ పెట్టమంటావ్?"

"కింద ఖాళీ ఉంది సాహెబ్."

చదువరులారా, పనిముట్టుకి అసలైన పూజ దాన్ని నేర్చుకోవడం. ఆ నేర్చుకోవడంలో మొదటి వరుస, నాకు తెలియదని అడగడం.